ఓడిన జట్టుకు ఇంకో టోర్నీ ఎందుకు? అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఏటా ఇదే పంచాయితీ

అమెరికాలో 2025 కాలేజీ బాస్కెట్‌బాల్ సీజన్ ముగిసింది. ఏప్రిల్ 7న శాన్ ఆంటోనియోలో జరిగిన ఫైనల్లో ఫ్లోరిడా యూనివర్సిటీ జట్టు 65-63 తేడాతో హ్యూస్టన్‌ను ఓడించి 2025 ఛాంపియన్‌గా నిలిచింది. అందరూ ఫోన్లలో క్లిప్పులు చూసింది ఈ మ్యాచ్‌వే. అయితే అంతకుముందు నాలుగు రోజుల్లోనే మరో రెండు ఫైనల్స్ జరిగాయి. ఏప్రిల్ 3న ఒక టోర్నీలో చాటనూగా గెలిచింది. ఏప్రిల్ 6న ఇంకో టోర్నీలో నెబ్రాస్కా గెలిచింది. ఆ సంగతి చాలామందికి తెలియనే తెలియదు.

ఇక్కడే అసలు ప్రశ్న. పెద్ద టోర్నీకి ఎంపిక కాని జట్లు ఈ చిన్న టోర్నీల్లో ఆడటం అవసరమా? సీజన్ అంతా తడబడిన జట్టు పరువుగా ఇంటికి వెళ్లిపోవాలా? లేక దొరికిన ఛాన్స్‌ను వాడుకోవాలా?

సమాధానం చెప్పేముందు ఒక చిన్న విషయం. 2025లో ఛాంపియన్ అయిన ఫ్లోరిడా ఉంది కదా, అంతకు సరిగ్గా రెండేళ్ల ముందు ఆ జట్టు 16 గెలుపులు, 16 ఓటములతో పెద్ద టోర్నీకి దూరమైంది. చిన్న టోర్నీలో ఆడింది. అందులోనూ తొలి రౌండ్‌లోనే సెంట్రల్ ఫ్లోరిడా చేతిలో ఓడి ఇంటికెళ్లింది. అప్పుడు నవ్విన వాళ్లంతా 2025లో చప్పట్లు కొట్టారు.

ఏంటీ టోర్నీలు?

అమెరికాలో పిల్లలు చదువుకుంటున్న తెలుగు ఇళ్లలో ‘మార్చ్ మ్యాడ్‌నెస్’ అనే మాట వినే ఉంటారు. కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఏటా మార్చిలో పెట్టే నాకౌట్ టోర్నీకి జనం పెట్టుకున్న పేరది. పురుషుల విభాగంలో పై స్థాయి అయిన డివిజన్ 1లో 360కి పైగా కాలేజీ జట్లున్నాయి. టోర్నీలో చోటు మాత్రం 68 జట్లకే. అంటే ఐదు జట్లలో నాలుగు బయటే ఉండిపోతాయి.

ఆ బయట ఉండిపోయిన వాటి కోసం పెట్టినవే ఈ చిన్న టోర్నీలు. వీటిలో పాతది, పేరున్నది నేషనల్ ఇన్విటేషన్ టోర్నమెంట్. పొట్టిగా ఎన్‌ఐటీ. మన వరంగల్ ఎన్‌ఐటీకి దీనికి సంబంధం లేదు! ఇందులో 32 జట్లు ఆడతాయి. దీని తర్వాత 2008లో మొదలైన కాలేజ్ బాస్కెట్‌బాల్ ఇన్విటేషనల్, అంటే సీబీఐ. 2025లో లాస్ వెగాస్‌లో 16 జట్లతో మొదలైంది కాలేజ్ బాస్కెట్‌బాల్ క్రౌన్.

మన ఐపీఎల్‌తో పోల్చి చూడండి. పది జట్లు ఆడితే నాలుగు ప్లేఆఫ్స్‌కు వెళ్తాయి. మిగతా ఆరూ బ్యాగులు సర్దుకుంటాయి. ఆ ఆరింటికీ కలిపి ఇంకో కప్పు పెట్టారనుకోండి. ముంబై, చెన్నై లాంటి పెద్ద జట్లు ఆడతాయా? అభిమానులు ఆడనిస్తారా? అమెరికాలో ఏటా జరిగే చర్చ సరిగ్గా ఇదే.

ఒకప్పుడు ఇదే పెద్ద టోర్నీ

విచిత్రం ఏంటంటే, ఎన్‌ఐటీ పుట్టింది 1938లో. ఎన్‌సీఏఏ టోర్నీ మొదలైంది ఆ మరుసటి ఏడాది 1939లో. అంటే ఇప్పుడు చిన్నచూపు చూస్తున్న టోర్నీయే వయసులో పెద్దది. న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆడటమంటే అప్పట్లో గొప్ప గౌరవం. 1950లో సిటీ కాలేజ్ ఆఫ్ న్యూయార్క్ ఒకే ఏడాది ఈ రెండు టోర్నీలూ గెలిచింది.

1970లో ఇంకో సంఘటన. మార్కెట్ యూనివర్సిటీ కోచ్ అల్ మెక్‌గ్వైర్‌కు ఎన్‌సీఏఏ టోర్నీ ఆహ్వానం వచ్చింది. కానీ తమ జట్టును దూరంగా వేరే రీజియన్‌లో వేశారని ఆయనకు కోపం వచ్చింది. ఆ ఆహ్వానం వద్దని చెప్పి ఎన్‌ఐటీకి వెళ్లారు. వెళ్లి కప్పు గెలిచారు. ఆ తర్వాత ఎన్‌సీఏఏ ఊరుకోలేదు. తమ పిలుపు వచ్చిన జట్టు వేరే టోర్నీకి వెళ్లకూడదని రూల్ పెట్టింది.

అక్కడి నుంచి ఎన్‌ఐటీ మెల్లగా రెండో మెట్టుకు దిగిపోయింది. న్యూయార్క్ కాలేజీలు కలిసి నడుపుతున్న ఆ టోర్నీ నిర్వాహకులు కోర్టుకెక్కారు. 2005లో రాజీ కుదిరింది. మొత్తం 5.65 కోట్ల డాలర్లు ఇచ్చి ఎన్‌సీఏఏనే ఆ టోర్నీని కొనేసింది. అప్పటి నుంచి పెద్ద టోర్నీ, చిన్న టోర్నీ రెండూ ఒకే ఇంటివి అయ్యాయి.

ఇప్పుడు పరిస్థితి ఏంటంటే, సీజన్ చివర్లో ఓడిపోతున్న జట్టును ఏడిపించడానికి ఎదుటి జట్టు అభిమానులు గ్యాలరీల్లో ‘ఎన్‌-ఐ-టీ’ అని అరుస్తారు. ఒకప్పటి గౌరవం కాస్తా ఎగతాళి మాటైపోయింది.

వద్దనే వాళ్లు ఏమంటున్నారు?

ఆడనంటున్న జట్లలో పెద్ద పేర్లే ఉన్నాయి. 2023లో నార్త్ కరోలినా సీజన్‌కు ముందు ర్యాంకింగ్స్‌లో నంబర్ 1. సీజన్ అయ్యేసరికి 20 గెలుపులు, 13 ఓటములు. పెద్ద టోర్నీలో చోటు దక్కలేదు. ఎన్‌ఐటీలో ఆడబోమని చెప్పేసింది. 2024లో సెయింట్ జాన్స్, పిట్స్‌బర్గ్, ఓక్లహోమా, ఇండియానా, మెంఫిస్ జట్లు కూడా అదే దారి పట్టాయి.

తమాషా ఏంటంటే, ఆ ఏడాది ఎన్‌ఐటీ పెద్ద లీగ్‌ల కోసమే రూల్ మార్చింది. అంతకుముందు చిన్న లీగ్‌లో టేబుల్ టాపర్‌గా నిలిచి, లీగ్ నాకౌట్‌లో ఓడిన జట్టుకు ఎన్‌ఐటీలో చోటు గ్యారంటీగా ఉండేది. దాన్ని తీసేసి ఆరు పెద్ద లీగ్‌ల నుంచి రెండేసి జట్లకు చోటు రిజర్వ్ చేసింది. తీరా చూస్తే ఆ పెద్ద లీగ్‌ల జట్లే వద్దుపొమ్మన్నాయి. పీట వేసి కూర్చోమంటే లేచి వెళ్లిపోయినట్టయింది.

వాళ్ల వాదనను తేలిగ్గా తీసేయలేం. ముఖ్యంగా మూడు కారణాలు చెబుతున్నారు.

మొదటిది ట్రాన్స్‌ఫర్ పోర్టల్. ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారాలనుకునే ఆటగాడు తన పేరు నమోదు చేసుకునే ఆన్‌లైన్ జాబితా ఇది. 2021 నుంచి ఒకసారి మారితే వెంటనే ఆడొచ్చు. 2024 నుంచి ఎన్నిసార్లు మారినా ఆడొచ్చు. 2025లో ఈ పోర్టల్ తలుపులు తెరిచింది ఎప్పుడో తెలుసా? టోర్నీలు జరుగుతున్న మార్చిలోనే. అంటే కోచ్ ఒక చేత్తో ఎన్‌ఐటీ మ్యాచ్‌కు ప్లాన్ వేయాల్సి వచ్చేది, ఇంకో చేత్తో వచ్చే ఏడాదికి ఆటగాళ్లను వెతుక్కోవాల్సి వచ్చేది. ఆ రెండు వారాల్లో ఆలస్యం చేస్తే మంచి ఆటగాళ్లను పక్క కాలేజీ ఎగరేసుకుపోయేది.

రెండోది డబ్బు. ఎన్‌సీఏఏ టోర్నీలో ఆడే ఒక్కో మ్యాచ్‌కు ఆ జట్టు లీగ్‌కు ‘యూనిట్’ పేరుతో ఆదాయం వస్తుంది. ఒక్కో యూనిట్ విలువ ఆరేళ్లలో దాదాపు 20 లక్షల డాలర్లు. ఎన్‌ఐటీకి అలాంటి లెక్కే లేదు. సీబీఐ సంగతి ఇంకా వేరు. అక్కడ ఆడాలంటే కాలేజీయే ఎదురు వేల డాలర్లు కట్టాలి. ఓడిన జట్టును ఆడించడానికి ఎదురు డబ్బు కట్టడమేంటని అడిగితే సమాధానం చెప్పడం కష్టమే.

మూడోది మనసు. పెద్ద టోర్నీలో చోటు దక్కలేదన్న బాధ తగ్గకముందే, రెండు మూడు రోజుల్లో మళ్లీ కోర్టులో దిగాలి. సగం మంది ఆటగాళ్ల మనసు అక్కడ ఉండదు. మనసు లేని ఆటలో గాయమైతే ఆ నష్టం ఎవరిది?

ఒకే కాలేజీ, రెండు నిర్ణయాలు

మరి ఆడిన వాళ్లకు ఏమొచ్చింది? ఆడని వాళ్లకు ఏం పోయింది? దీనికి నార్త్ కరోలినానే మంచి ఉదాహరణ. ఎందుకంటే ఆ కాలేజీ రెండు దారులూ తొక్కింది.

2009లో నార్త్ కరోలినా దేశ ఛాంపియన్. మరుసటి ఏడాది 2010లో జట్టు కుప్పకూలింది. 16 గెలుపులు, 16 ఓటములు. అప్పటి కోచ్ రాయ్ విలియమ్స్ ఎన్‌ఐటీ పిలుపును కాదనలేదు. ఛాంపియన్ జట్టు రెండో టోర్నీలో ఆడటమా అని మొహం చాటేయలేదు. జట్టు ఫైనల్ దాకా వెళ్లి డేటన్ చేతిలో ఓడింది. ఆ జట్టులో ఫ్రెష్‌మన్ జాన్ హెన్సన్, రెండో ఏడాది చదువుతున్న టైలర్ జెల్లర్ ఉన్నారు. మరుసటి ఏడాది వాళ్లిద్దరూ కీలకమయ్యారు. జట్టు ఎన్‌సీఏఏ టోర్నీలో చివరి ఎనిమిదికి చేరింది.

2023లో అదే కాలేజీ ఎన్‌ఐటీ వద్దంది. 2024లో ఏమైంది? ఎన్‌సీఏఏ టోర్నీలో తమ రీజియన్‌లో నంబర్ 1 సీడ్‌గా బరిలోకి దిగింది. 2024లో వద్దన్న సెయింట్ జాన్స్ కూడా 2025లో తమ లీగ్ గెలిచి నంబర్ 2 సీడ్ అయింది.

అంటే ఆడినా బాగుపడ్డారు, ఆడకపోయినా బాగుపడ్డారు. ‘చిన్న టోర్నీ ఆడితే వచ్చే ఏడాది గ్యారంటీగా దశ తిరుగుతుంది’ అనే మాటలో పస లేదు. ‘ఆడితే టైమ్ వేస్ట్’ అనే మాటలోనూ పస లేదు. పెద్ద కాలేజీలకు డబ్బుంది, పేరుంది. ఏ దారిలో వెళ్లినా కొత్త ఆటగాళ్లు వస్తారు. అసలు తేడా కనిపించేది చిన్న కాలేజీల దగ్గరే.

చిన్న జట్లకు పెద్ద మెట్టు

షికాగోలోని లొయోలా యూనివర్సిటీ 2015లో సీబీఐ గెలిచింది. దేశంలో ఎవరూ పట్టించుకోలేదు. ఆ జట్టులో డాంటే ఇంగ్రామ్, బెన్ రిచర్డ్‌సన్ అనే ఇద్దరు ఫ్రెష్‌మెన్ ఉన్నారు. మూడేళ్లు గడిచాయి. 2018లో ఆ ఇద్దరూ సీనియర్లు. ఎన్‌సీఏఏ టోర్నీ తొలి మ్యాచ్‌లో మయామీపై చివరి క్షణంలో ఇంగ్రామ్ వేసిన బాస్కెట్‌తో లొయోలా గెలిచింది. అక్కడి నుంచి చివరి నాలుగు జట్ల దాకా, అంటే ఫైనల్ ఫోర్ దాకా దూసుకెళ్లింది.

వర్జీనియా కామన్‌వెల్త్ కథ కూడా ఇలాంటిదే. 2010లో సీబీఐ విజేత. 2011లో టోర్నీలో ఆఖరి చోట్ల కోసం జరిగే ప్రిలిమినరీ మ్యాచ్ నుంచి మొదలుపెట్టి ఫైనల్ ఫోర్‌కు చేరింది. విచిటా స్టేట్ 2011లో ఎన్‌ఐటీ గెలిచి 2013లో ఫైనల్ ఫోర్ ఆడింది.

దీని వెనుక ఒక మామూలు రూల్ ఉంది. సీజన్‌లో ఉన్న జట్టు వారానికి 20 గంటలు ప్రాక్టీస్ చేయొచ్చు. సీజన్ అయిపోయిన జట్టుకు ఆ లిమిట్ 8 గంటలకు పడిపోతుంది. అంటే చిన్న టోర్నీలో ముందుకెళ్లిన ప్రతి వారం కుర్రాళ్లకు అదనపు ప్రాక్టీస్, ఓడితే ఇంటికే అనే ఒత్తిడిలో అదనపు మ్యాచ్‌లు. పెద్ద టోర్నీ ఎలా ఉంటుందో చిన్న టోర్నీలోనే రుచి చూస్తారు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. లొయోలా కుర్రాళ్లు నాలుగేళ్లూ ఒకే కాలేజీలో ఉన్నారు. ఇప్పుడు అలా ఉంటున్నారా?

ఇండియానా స్టేట్: గెలిచి ఓడిన జట్టు

ఈ ప్రశ్నకు సమాధానం 2024 ఇండియానా స్టేట్. ఒకప్పుడు బాస్కెట్‌బాల్ దిగ్గజం లారీ బర్డ్ ఆడిన కాలేజీ ఇది. ఆ ఏడాది 28 మ్యాచ్‌లు గెలిచి ఆరే ఓడింది. అయినా ఎన్‌సీఏఏ టోర్నీలో చోటు రాలేదు. కళ్లద్దాలతో ఆడే సెంటర్ రాబీ అవీలా అప్పటికే సోషల్ మీడియాలో స్టార్.

జట్టు అలిగి కూర్చోలేదు. ఎన్‌ఐటీలో దిగింది. ఎస్ఎంయూ, మిన్నెసోటా, సిన్సినాటి, యూటా జట్లను వరుసగా ఓడించింది. టెర్రె హోట్ అనే చిన్న ఊరికి ఆ మూడు వారాలు పండగే. ఇండియానాపోలిస్‌లో జరిగిన ఫైనల్లో సీటన్ హాల్ చేతిలో 77-79తో, రెండే రెండు పాయింట్ల తేడాతో ఓడింది. సీటన్ హాల్‌కు కూడా పెద్ద టోర్నీలో చోటు దక్కలేదు. అది కూడా కోపాన్ని కోర్టులోనే చూపించి కప్పు ఎత్తింది.

తర్వాతేమైంది? కొద్ది రోజుల్లోనే ఇండియానా స్టేట్ కోచ్ జోష్ షెర్ట్జ్ సెయింట్ లూయిస్ యూనివర్సిటీకి వెళ్లిపోయారు. అవీలా, ఐజయా స్వోప్ ఆయన వెంటే వెళ్లారు. ఇద్దరు టెక్సస్‌కు, ఒకరు జేవియర్‌కు. ఐదుగురు స్టార్టర్లలో ఒక్కరూ మిగల్లేదు.

వద్దనే వాళ్లు దీన్నే చూపిస్తారు. ‘చూశారా, ఎన్‌ఐటీ ఆడి ఏం మిగిలింది?’ అని. కానీ ఆ ప్రశ్నను తిప్పి అడగండి. ఆడకపోయి ఉంటే వాళ్లు ఆగేవాళ్లా? ఆగేవాళ్లు కాదు. పెద్ద కాలేజీల డబ్బు ముందు చిన్న కాలేజీ నిలబడలేదు. ఎలాగూ వెళ్లిపోయే జట్టు అది. తమ ఊరి వాళ్ల ముందు ఇంకొన్ని మ్యాచ్‌లు కలిసి ఆడి మరీ వెళ్లింది. ఆ ఊరికి మిగిలింది అదే. అదేమీ చిన్న సంగతి కాదు.

నెబ్రాస్కా చూపించిన కొత్త దారి

ఇక 2025లో నెబ్రాస్కా సంగతి. నిజంగా తడబడిన జట్టంటే ఇదే. ఆ ఏడాది బిగ్ టెన్ లీగ్‌లో 18 జట్లుంటే, లీగ్ నాకౌట్‌కు 15 వెళ్లాయి. ఆ 15లో కూడా నెబ్రాస్కా లేదు! సీజన్ చివర్లో వరుస ఓటములతో దిగజారింది. అలాంటి జట్టును క్రౌన్ టోర్నీకి పిలిచారు. ‘సొంత లీగ్‌లోనే చోటు లేని జట్టుకు ఇంకో టోర్నీ ఏంటి’ అని ఎవరికైనా అనిపిస్తుంది.

వెగాస్‌లో ఆ జట్టు నాలుగుకు నాలుగు మ్యాచ్‌లూ గెలిచింది. ఫైనల్లో సెంట్రల్ ఫ్లోరిడాను 77-66తో ఓడించింది. ప్రైజ్‌మనీ 3 లక్షల డాలర్లు. ఇక్కడే కొత్త విషయం. ఆ డబ్బు ఎన్‌ఐఎల్ రూపంలో ఆటగాళ్లకు వెళ్తుంది. ఆటగాడి పేరు, ఫొటో వాడుకున్నందుకు ఇచ్చే సొమ్ము అన్నమాట. 2021 నుంచి కాలేజీ ఆటగాళ్లు దీన్ని తీసుకోవచ్చు. రన్నరప్‌కు లక్ష డాలర్లు, సెమీస్‌లో ఓడిన జట్లకు యాభై వేల చొప్పున.

అంటే ఇన్నాళ్లూ ‘మాకేంటి లాభం’ అన్న ఆటగాడికి ఇప్పుడు సూటిగా ఒక జవాబు దొరికింది. అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. క్రౌన్ టోర్నీ వెనుక ఉన్నది ఫాక్స్ స్పోర్ట్స్ అనే టీవీ సంస్థ. మార్చి నెలాఖరులో చూపించడానికి దానికి మ్యాచ్‌లు కావాలి. పేరున్న లీగ్ జట్లయితే జనం చూస్తారని దాని లెక్క. ఆ లెక్కలో 25 మ్యాచ్‌లు గెలిచిన చిన్న కాలేజీ కంటే, ఓడిపోయిన పెద్ద కాలేజీకే ముందు పిలుపు రావచ్చు. తడబడిన జట్టు ఆడటం తప్పు కాదు. కానీ దాని కోసం బాగా ఆడిన జట్టును పక్కన పెడితే అది అన్యాయమే.

మరి ఆడాలా, వద్దా?

ఇంతవరకు చూసిన కథలన్నీ కలిపితే ఒక లెక్క తేలుతుంది. చూడాల్సింది టోర్నీ పేరు కాదు, జట్టులో ఉన్న మనుషులను.

చివరి ఏడాది ఆటగాళ్లు ఇంకా ఆడతామంటున్నారా? అయితే ఆడాలి. కాలేజీ ఆటగాళ్లలో ఎక్కువ మంది ప్రొఫెషనల్ లీగ్‌లకు వెళ్లరు. జెర్సీ వేసుకుని ఆడే ఆఖరి ఆట అదే. ఆ ఆటను అథ్లెటిక్ డైరెక్టర్ ఆఫీసులో కూర్చుని రద్దు చేయడం సరికాదు.

జట్టులో ఫ్రెష్‌మెన్ ఎక్కువగా ఉండి, వచ్చే ఏడాదీ ఉంటారనే నమ్మకం ఉందా? అయితే తప్పకుండా ఆడాలి. లొయోలా చూపించింది అదే.

కోచ్‌ను తీసేశారా? సగం జట్టు పోర్టల్‌లో పేరిచ్చేసిందా? మ్యాచ్‌కు ఎనిమిది మంది కూడా దొరకరా? అయితే వద్దనడంలో తప్పేమీ లేదు. మొక్కుబడి ఆట ఎవరికీ మంచిది కాదు.

కాలేజీయే ఎదురు డబ్బు కట్టాలా? అయితే ఇంకోసారి ఆలోచించాలి. ఎదుగుతున్న కుర్ర జట్టుకైతే అది పెట్టుబడి. చెదిరిపోతున్న జట్టుకైతే వృథా ఖర్చు.

‘మా స్థాయికి తగదు’ అనేదొక్కటే కారణమైతే మాత్రం అది నిలబడదు. దేశ ఛాంపియన్ హోదాలో ఉండి కూడా రాయ్ విలియమ్స్ జట్టు 2010లో ఎన్‌ఐటీ ఆడింది. ఆయన పేరు ఏమీ తగ్గలేదు.

ఇక 2025లో అన్నింటికంటే ముందు తేల్చాల్సి ఉన్నది పోర్టల్ తేదీ. టోర్నీలు నడుస్తుండగానే ఆటగాళ్లు మారే తలుపులు తెరిస్తే, ఏ కోచ్ అయినా ఎన్నాళ్లు రెండు పడవల మీద కాళ్లు పెడతాడు? ఆఖరి ఫైనల్ అయ్యాకే ఆ తలుపు తెరిస్తే, వద్దనే జట్ల దగ్గరున్న పెద్ద సాకు పోతుంది. 

ఎలా చూసినా నిర్ణయం జట్లదే. అయితే ఆ నిర్ణయం తీసుకునే ముందు డ్రెస్సింగ్ రూమ్‌లోకి వెళ్లి, ‘ఇంకో మ్యాచ్ ఆడతారా?’ అని ఆటగాళ్లను అడగాలి. చెమటోడ్చేది వాళ్లు కాబట్టి ముందు వినాల్సింది వాళ్ల మాటే.